జానెడెత్తు

డ్రిల్లు మిషను తెచ్చిన, ఆరు మేకులు తెచ్చిన,
గోడకు ఐదడుగుల మీద పెన్సిల్‌తోని గీత గీసిన.
"ఎవలకు పెడుతున్నవ్ సైదులూ, బల్లికా?"
అన్నడు ముత్యాలు, నా చెప్పులను చూసుకుంట.

చండూరుల టైలర్ ముత్యాలును ఎరగనోళ్లు లేరు.
బోరునీళ్లు ఎముకలల్ల సున్నమై పేరుకున్నంక
ఇరవయ్యేండ్ల సంది ఆయన మెడ
మిషను మీదికి వంగింది వంగినట్టే ఉన్నది.
"కుట్టేటోనికి ఇంతకన్న ఏం గావాలె" అంటడు.
మనుషులను పాదాలతోని గుర్తుపడుతడు,
ప్యాంటు అంచుతోని, చీర కుచ్చిళ్లతోని, నడకతోని.
ముఖాలు మాత్రం పాతయే,
ఆఖరుసారి తలెత్తి చూసిన నాటివి.

నేను ఒకప్పుడు ఈ ఊరికి కేబుల్ సైదులును.
కరెంటు స్తంభం నుంచి చింతకొమ్మకు, చింతకొమ్మ నుంచి మిద్దెకు
నల్లతీగ గుంజి నెలకు వంద వసూలు చేసినోన్ని.
ఇప్పుడు ఆ తీగ మీద లుంగీలు ఆరేస్తున్నరు.
నా పొట్టగొట్టిన డబ్బాలను నేనే బిగిస్తున్న,
బిగించినందుకు మూడు వందలు.

ఈ డబ్బా సికింద్రాబాద్ల ఏదో ఆఫీసోళ్లు పారేసిన కంప్యూటర్.
టిఫిన్ గిన్నెంత ఉంటది. వెనుక ఇంకా స్టిక్కరు,
అకౌంట్స్ పద్నాలుగు అని.
మూత ఇప్పితే ఫ్యాను నిండ దుమ్ము.
మిషను తుడిచే బ్రష్షు ఇచ్చిండు ముత్యాలు,
నూనె చుక్క గూడ ఎయ్యవోతే చెయ్యి పట్టుకొని ఆపిన.

గోడ మీది గీత బొటనవేలుతోని చెరిపేసిన.
పాత కుట్టుమిషను చెక్కపెట్టెను బోర్లించి
దాని మీద టీవీని కూసోబెట్టి
ముందు అంచు కింద రెండు ఖాళీ దారం రీళ్లు ఇరికించిన.
తెర వెనక్కి వాలింది, ఎండకు పెట్టిన చాటలెక్క.
ఆయన మెడల టేపు తీసి నేల నుంచి కొలిచిండు.
"జానెడు. ఇంకో అరించు లేపు. ఆ, సాలు."
అంగీ చెయ్యి కొలత తీసినట్టే.

వైఫై పక్కింటి టెంట్ హౌజోళ్లది, అడిగే వాడుతున్నం.
పాస్‌వర్డ్ వాళ్ల బర్రె పేరు. ఎవలకూ చెప్పొద్దన్నరు.

అప్‌డేట్ తొంభై ఆరు శాతం కాడ ఆగింది.
ఆగి, తెర నల్లగైంది.
ఖరాబైందేమోనని నేను గూడ వంగిన,
మోకాళ్ల మీద, ఆయన భుజం పక్కపొంటి.

నల్లటి అద్దంల ఇద్దరం.

చానసేపు ఏం మాట్లాడలే ఆయన.
"మీసాలు తెల్లవడ్డయి గదరా" అన్నడు.
"అచ్చం మీ నాయిన లెక్కనే అయినవ్."
ఏమనాల్నో తెల్వక "రంగేస్తలేను" అన్న.
"ఎయ్యకు" అన్నడు.

గప్పుడే డబ్బా గుయ్యిమని లేచింది
మా ఇద్దరిని తుడిపేసి.

ఏం పెట్టాలె అంటే సినిమా అనలే.
తాటిచెట్టు ఎక్కేది పెట్టు అన్నడు.
ఎవలో, ఏ ఊరో, నడుముకు మోకు కట్టి ఎక్కుతుంటే
కెమెరా గూడ ఆయన ఎంబడే ఎక్కుతున్నది.
మట్టలు, గెలలు, లొట్టి,
లొట్టి మీద వాలిన కాకి,
దాని ఎనుక ఇంత ఆకాశం, జానెడెత్తుల.

అంతల గుండ్రం తిరుగుడు షురువైంది.
టెంట్ హౌజ్ పిల్లలు బడి నుంచి వచ్చినట్టున్నరు.
చెట్టు మీదాయన నడిమిట్ల ఆగిపోయిండు.
నేను వైరు కదిలియ్యవోతే
"ఆగనియ్యి" అన్నడు ముత్యాలు,
కిందికి వంగి, మీదికి చూసుకుంట.
"చంక కాడ కుట్టు ఊడింది, చూసినవా?
పాపం, ఎక్కేటోనికి అంత బిగువు కుడుతరా ఎవలన్న?"