బంధుత్వం అన్న గడి

కుతాయిసి కరెంటాఫీసు రెండో అంతస్తులో
తలుపు సరిగ్గా పడని గది నాది.
ఇరవై రెండేళ్లుగా ఫారాలకు కాపలా.
సెలవుకు ఆకుపచ్చ, ప్రమాదానికి గులాబీ,
ఎవరూ అడగని తెల్లది ఒకటి, అట్టడుగు సొరుగులో.

ఫిబ్రవరి. ఎనిమిదింటికి ఐదు నిమిషాలు తక్కువ.
జుంబెర్ వచ్చాడు, బూట్లకు మంచుతో,
చేతిలో ఆ రోజు జాబితాతో.
బాకీ పడ్డ పదకొండు ఇళ్లు,
నిచ్చెనెక్కి తెంచి రావలసిన పదకొండు తీగలు.
ఏడో పేరు మీద అతని బొటనవేలు.
"లామారా, ఇది ఎతెరి ఇల్లు."

నాకు తెలుసు. మా వీధిలో అందరికీ తెలుసు.
అతని తల్లి పురిటి జ్వరంతో మంచం దిగని నెలల్లో
పక్కింటి ఎతెరి తల్లి
ఒక రొమ్ము కూతురికి, ఒకటి ఇతనికి ఇచ్చింది.
ఒకే పాలు తాగినవాళ్ల మధ్య
పెళ్లి కుదరదు, పగ కుదరదు.
ఇది మా దగ్గర చర్చి గోడల కన్నా పాత లెక్క.

తెల్ల ఫారం తీసి దుమ్ము ఊదాను.
నియమం పద్నాలుగు:
పనికీ సొంత మనిషికీ నడుమ ఉద్యోగి నలిగే చోట
బయల్దేరక ముందే రాసిస్తే
జవాబు వచ్చేదాకా అతన్ని ఆ పనికి పంపరాదు.
ఎవరో దయగలవాడు రాసుంటాడు,
లేదా ఎక్కడినుంచో ఎత్తి రాసి మరిచిపోయి ఉంటారు.

బంధుత్వం: రక్తం, పెళ్లి.
రెండే గళ్లు.
మీటరు చదివే కళ్లతో జుంబెర్ ఫారం చదివాడు, రెండుసార్లు.
తర్వాత గళ్లను వదిలేసి, మార్జిన్లో,
పాలు, అని రాశాడు.

వ్యాను వేడెక్కిపోతోందని కింద నుంచి అరిచి అరిచి
రెవాజ్ పైకే వచ్చాడు.
"రక్తమా, కాదు. పెళ్లా, కాదు.
మరి ఆ ఇంట్లో నీకేం పాలుందని?"
"పాలే," అన్నాడు జుంబెర్.

ఇంకో రోజైతే నవ్వేదాన్ని.
ముద్ర వేశాను. అందినది, ఎనిమిదీ నాలుగు నిమిషాలకు.
కాస్త గట్టిగానే వేశానేమో, టీ గ్లాసు కదిలింది.
ముద్ర పడ్డ కాగితం రెవాజ్ చింపగలిగేది కాదు.
దాని బలం అంతే. అంతకు మించి లేదు.

ఇక్కడ ఆపితే బాగుండేది.
ఏడో పేరు ఇంకో జాబితాలోకి మారింది.
గోచాకి ఇచ్చారు, చేరి మూడు నెలలు కాని కుర్రాడికి.
పదకొండుంబావుకు ఎతెరి ఇంట్లో ఫ్రిజ్ మూలుగు ఆగింది.
నియమం ఒక మనిషి చేతిని కాపాడింది.
దీపాన్ని కాపాడే ఫారం ఏ రంగులో ఉంటుందో
సొరుగులన్నీ లాగి చూశాను.
నిజంగానే చూశాను.

ఆ రాత్రి జుంబెర్ కొవ్వొత్తులు పట్టుకెళ్లాడట.
ఎతెరి తలుపు తీసి,
"పొద్దున రానందుకు సంతోషం,
ఇప్పుడొచ్చినందుకు కూడా," అందట.
చిక్కుడుగింజల కూర, మొక్కజొన్న రొట్టె,
ముక్క ఎవరిదో కనపడని చీకట్లో తిన్నారు.
నెలాఖరున అతని జీతంలో ఒక రోజు కోత.
దాని మీద వేరే అర్జీ పెట్టాం. నడుస్తోంది.

చెప్పాల్సింది అది కాదు.

మర్నాడు ఏడున్నరకే
నా తలుపు దగ్గర గోచా, టోపీ తీసి పిసుకుతూ.
"అక్కా, ఆ తెల్ల కాగితం ఒకటి."
"ఇవాళ జాబితాలో నీవాళ్లెవరు?"
"ఎవరూ లేరు.
నిన్న ఆవిడ నా నిచ్చెన పట్టుకుంది.
కింద మంచు, జారతావు బాబూ అని,
తీగ తెంచి దిగేదాకా
రెండు చేతులా పట్టుకునే ఉంది."

బంధుత్వం అన్న చోట అతని పెన్ను ఆగింది.
నేనేమీ అనలేదు.
మార్జిన్ చూపించాను.