అరువు నిప్పు

ఛత్రపురం స్టేషన్ బయట టీ కొట్టులో
టీవీ అరుస్తోంది.
పైదేశాల యురేనియం ఎంత తేవాలి, ఎక్కడ ఆపాలి అని.
ఒకాయన పూర్తిగా ఆపేయమంటాడు,
ఒకాయన ఆపితే దీపాలారిపోతాయంటాడు.
ఇద్దరి టైలూ ఒకే ఎరుపు.

సీమాంచల సాహు సౌండు తగ్గించి
"ఇసక ఫ్యాక్టరీ మనిషివి, నువ్వు చెప్పు భాయ్" అన్నాడు ఒడియాలో.
నేను తెలుగులో నవ్వాను.

ముప్పై ఒక్క ఏళ్ళు ఇసకని విడదీశాను.
నల్లది ఒక తొట్టిలోకి, ఎర్రది ఇంకో తొట్టిలోకి.
ఆఖర్న మిగిలేది తేనెరంగు రేణువు,
పిడికెడంటే పిడికెడు,
కంటికి కనబడేదానికన్నా చేతికి బరువు.
దాని పక్కన నిలబడ్డన్నాళ్ళూ నా జేబుకి ఒక బిళ్ళ.
మూణ్ణెల్లకోసారి ఎక్కడికో వెళ్ళి
నా ఒళ్ళు ఎంత తిన్నదో లెక్క రాయించుకొచ్చేది.
మర్చిపోయి ఇంటికి తెచ్చిన రోజు
మా ఆవిడ దాన్ని ఉప్పు జాడీ వెనక దాచి
రాత్రంతా ఆ వైపు కాళ్ళు పెట్టలేదు.

మా అమ్మ కొరడా నూకాలు.
ఆర్జిపల్లి ఒడ్డున, అగ్గిపెట్టె కూడా నానిపోయే వానల్లో
కొబ్బరి పీచు చేతికిచ్చి నిప్పుకి పంపేది.
శుక్రవారం ఇవ్వరు.
పురుడొచ్చిన ఇంట ఇవ్వరు.
వలల దగ్గర మాటా మాటా వచ్చిన మర్నాడు అసలే ఇవ్వరు.
ఓ సాయంత్రం పీచు చల్లగానే వెనక్కి తెచ్చాను.
ఎండుచేప పచ్చిదే నమిలి పడుకున్నాం.
చీకట్లో అమ్మ గొంతు:
"అడుక్కున్న నిప్పు మీద కూడొండితే
ఆళ్ళకి కోపమొచ్చిన్నాడు మనకి పస్తేరా గుంటా.
మూడు గుమ్మాలు గురుతెట్టుకో.
కణిక తే. కుంపటి తేకు."

ఆ మర్నాటి నుంచీ మా పొయ్యిలో
ఓ సరుగుడు మొద్దు బూడిద కింద నిద్రపోయేది.

టీవీలో వాళ్ళు మా ఇసకనీ అలాగే అంటున్నారు,
నివురు గప్పిన నిప్పట.
కాదు.
నివురు తీస్తే అక్కడ నిప్పు లేదు, కట్టె ఉంది.
తనంతట అంటుకోదు.
ఎక్కడో రాజుకున్న కణిక తెచ్చి పక్కన పెట్టి
ఏళ్ళ తరబడి ఊదాలి, కళ్ళు మండేలా ఊదాలి.
ఓడలో వచ్చే సరుకుకి ఊపిరితో పనిలేదు,
డబ్బుంటే చాలు,
ఇచ్చేవాడికి ఆ రోజు శుక్రవారం కాకుంటే చాలు.

ఇదే సాహుకి చెప్పబోయాను.
కరెంటు పోయింది.
ఇద్దరు పెద్దమనుషులూ నోళ్ళు తెరిచే మాయమైపోయారు.

చీకట్లోంచి అల్లయ్య, మా పెదనాన్న కొడుకు:
"మన ఇసక మన ఇసక అంటావు, మనమంటే ఎవుల్రా?
వలలారేసుకునే దిబ్బ కంచి లోపలికెళ్ళిపోయి ఇరవయ్యేళ్ళు.
తీసింది మా కాళ్ళ కింద.
ఎలుగు ఏ ఊళ్ళో?"

నా దగ్గర జవాబు లేదు. పెన్షను ఉంది.

కాసేపాగి తనే అన్నాడు:
"అయినా ఒకటి నిజం.
నా బోటు డీజిలు సేటు ఖాతాలో.
అందుకే నా చేపల ధర సేటు నోట్లో.
వొల నాది, సముద్రం నాది,
బేరం మాత్రం నాది కాదు."

మా ఇద్దరి ముందు రోజులూ అందులో ఉన్నట్టు
అల్లయ్య చేతిలోని ఖాళీ గ్లాసు వంక చూశాను.

సాహు విసనకర్ర అందుకున్నాడు.
బొగ్గుల పొయ్యి ఒకచోట ఎర్రబడి, మెల్లగా
అతని గడ్డం దాకా పాకింది.
అల్లయ్య వంగి, అడక్కుండానే,
బీడీ ముట్టించుకున్నాడు.
సాహు ఏమీ అనలేదు.

ఇవాళ గురువారం.