వల కన్ను

పదకొండు కంప్యూటర్లు, ముప్పై ఎనిమిది మంది పిల్లలు.
ఈ భాగహారం నాకెప్పుడూ శేషం లేకుండా కుదరలేదు.
నేను లెక్కల మేష్టర్ని.
తాళంచెవి నా జేబులో పడింది కాబట్టి
కంప్యూటర్ గదికీ నేనే.

పెద్దజాలరిపేట బడిలో గాలి కూడా ఉప్పే.
కిటికీ ఊచలు తిని, తలుపు గడియ తిని
నెమ్మదిగా తీగల కొసలకు వచ్చింది.
నెలకోసారి రబ్బరుముక్కతో
ఆ చిన్న లోహపు పళ్ళు తోముతాను,
చంటిపిల్లాడికి తోమినట్టు.

ఆ బుధవారం నెట్ రాలేదు.
తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది.
"గానుగెద్దు సార్ అది" అన్నాడు వెనక బల్ల ఎర్నాయుడు.
కంపెనీకి ఫోన్ చేస్తే పాట వినిపించారు.

గరికిన నూకరత్నం, ఎనిమిది బి,
గోడ వెంబడి తీగ పట్టుకుని నడిచింది
కళ్ళు పక్కకి పెట్టి, వేళ్ళతో.
"చిరుగు కోసం ఎతక్కూడదు సార్,
బిగువు ఎక్కడ సచ్చిందో సూడాల. తాత సెప్పాడు."
నీళ్ళ ట్యాంకు వెనక, సున్నం రాలిన చోట ఆగింది.
ఎలుక.

ఎనిమిది పోగులు, నాలుగు జంటలు.
తెల్లచార నారింజ, నారింజ,
తెల్లచార పచ్చ, నీలం,
తెల్లచార నీలం, పచ్చ...
వరస తప్పితే మాట అవతలికి చేరదన్నాను.
నాకది పట్టుబడ్డానికి వారం పట్టింది,
ఆ పిల్లకి రెండుసార్లు.
వరస తప్పడమంటే ఏమిటో
పేటలో ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు.

పటకారు 'టక్'మంది.
పెట్టె మీద పచ్చదీపం మినుక్కుమంది.
గది గదంతా కేక.

బాగుచేసినవాళ్ళే ముందు వెతకాలి.
ఈ రూలు అప్పుడే పుట్టింది.
నూకరత్నం ఒక్కో అక్షరం ఏరుకుని కొట్టింది:
గులివింద.
పొద్దున్నే వాళ్ళ మామ్మ గంపకెత్తుకుని
ఎంవీపీ కాలనీ మెట్లెక్కించిన చేప.

తెర అడిగింది:
మీరు వెతుకుతున్నది గురివిందా?
ఎర్రటి గింజలు, నెత్తిన నల్లబొట్టు,
అర సెకను గడవకుండా వేలకు వేలు.

పిల్లలు నవ్వారు.
మొన్ననే బోర్డు మీద రాశాను నేను,
'లోకంలో ఉన్నదంతా ఇందులో ఉంది' అని,
కింద రెండు గీతలు గీసి మరీ.
తన నలుపు తానెరగని గింజ ఏదో
ఆ పూట నాకు తెలిసింది.

నూకరత్నం తెరని పైకీ కిందకీ జరిపింది,
ఇసకలో ఆరేసిన వలని చూసినట్టు చూసింది.
"ఇది పెద్ద కన్ను వల సార్.
సొరలకీ కోనాలకీ సరిపోద్ది.
మాయి జారిపోతాయి."
మరేం చేద్దామన్నాను.
"ఏటి సేత్తాం, కన్ను సన్నం సేసి అల్లుకోవాల."

మధ్యాహ్నం గుడ్డన్నం వేళకి బయటి తీగ మళ్ళీ పడుకుంది.
అయినా పదకొండూ ఒకదాన్నొకటి పలకరించుకుంటూనే ఉన్నాయి,
గదిలో తీగలు గదివే కదా.
అందరం ఒకే పట్టిక తెరిచాం:
పేరు, రంగు, దొరికే నెల, ఎవరు చెప్పారు.
మూడో కంప్యూటరు కానాగంత అంది.
ఏడోది కానాగుర్త అంది.
రెండు వీధుల గొడవ అది. రెండూ ఉంచాం.
ఆఖరి గంటకి నలభై ఒక్క చేపలు.
గులివింద పక్కన, రంగు గడిలో: ఎరుపు.

మర్నాడు గుమ్మంలోనే ఆపింది నన్ను.
"మామ్మ తిట్టింది సార్.
గంపలోకొచ్చాకే ఎరుపంట.
నీళ్ళలో ఉన్నప్పుడు ఆ రంగు కాదంట."
మరి ఏ రంగు?
"మామ్మకేటి తెలుసు, ఆడోళ్ళు పడవెక్కరు కదా.
తాతనడగాల. ఏటకెళ్ళాడు."

ఎరుపు చెరిపేసింది.
సాయంత్రం పది కంప్యూటర్లు ఆపాను.
పదకొండోదానిలో, ఆ ఖాళీ గడిలో
చిన్న గీత కొట్టుకుంటూ ఉంది.
కాసేపు ఉండనిచ్చాను.