ఒక్క మోకాలు

చీటీ మీద రెండే మాటలు:
"కీలు నీరు. అర్జెంట్."
సిరంజి ఇంకా గోరువెచ్చగనే ఉన్నది.

కీల్లో నీరు గుడ్డు తెల్లసొన లెక్క ఉండాలె,
వేళ్ల నడుమ తీగ సాగాలె,
వెనుక పేపరు పెడితే అక్షరం కనబడాలె.
ఇది మూడొద్దుల కలి.
అక్షరం కాదు, కాయితమే కనబడలె.

చండూరు అవతలి నుంచి వచ్చిందట ఈదమ్మ.
బత్తాయి తోటల కూలి.
నాలుగు రోజులు ఊరంత ఒకటే మాట:
"నీళ్ల నొప్పే. మనకు కొత్తనా?"
నల్లగొండల ఏ కీలు మూలిగినా
నేరం బోరు మీదికే పోతది.
కాదనెటట్టు లేదు,
నా పళ్ల మీది గార గూడ ఆ నీళ్ల సంతకమే.

కాని ఫ్లోరైడ్‌కు తొందర లేదు.
ఏండ్లకేండ్లు కూసొని
ఇంటిల్లిపాదినీ వంచుతది, జ్వరం తేదు.
ఇది ఒక్క మోకాలు.
మంగళవారం లేదు, బుధవారం ఉన్నది.
ముట్టుకుంటే పెనం.

ఎక్స్‌రేల ఎముకలు పాత కథే చెప్పినయట.
నుస్రత్ మేడం అక్కడ ఆగలె.
"ముల్లేమన్న గుచ్చుకున్నదా?"
అంత నొప్పిల నవ్విందట ఈదమ్మ:
"బత్తాయి చెట్ల కింద పాకెటోళ్లకు
ముల్లు గూడ లెక్కనా మేడం!"

గాజు పలక మీద చుక్క పరిచి
మంట మీద మూడుసార్లు తిప్పిన.
ఊదా రంగు. కడుగు. అయోడిన్. కడుగు.
స్పిరిట్,
ఇక్కడ రెండు సెకన్లు ఎక్కువైతే పలక అబద్ధం చెప్తది.
ఎర్ర రంగు. మళ్ల కడుగు.

కన్ను ఆనించిన.
చీము కణాలు, అంగడి నాటి జనం.
వెతికిన. లేవు.
కరెంటు పోయింది, వచ్చింది.
లేవు.
ఒక మూలకు
గుంపు. ముదురు ఊదా.
పుస్తకంల ద్రాక్ష గుత్తులని రాసిండ్రు,
నాకైతే రాయి లేపినప్పటి చీమల గుడ్లు యాదికొచ్చినయి.

రిపోర్టు రాయలె, ఫోన్ చేసిన.
"మేడం, ఉన్నయి."
అటు దిక్కు ఒక ఊపిరి. తర్వాత
"థియేటర్ తెరవమని చెప్పు."

దాని పేరు తెలవాలంటే
రక్తం కలిపిన ప్లేటు మీద రెండు రాత్రులు పెరగాలె.
ఏ మందుకు చస్తదో ఇంకో రాత్రి.
మోకాలికి అంత ఓపిక లేదు.

నిరుడు తిప్పర్తి పిల్లగాని తుంటి నీరు
నాదాక రానే లేదు.
"నీళ్లే" అన్నరు, అందరం అన్నం.

సూదులు పారేసే డబ్బా దాక పోయి ఆగిన.
సిరంజి చల్లబడ్డది.