ఆర్టికల్ లేని వాక్యం

లోవెల్ ఊరి లైబ్రరీ రెండో అంతస్తులో
హీటరు పక్క బల్ల మాది.
దగ్గరగా కూర్చుంటే కాళ్ళు కాలతాయి,
జరిగితే వేళ్ళు కొంకర్లు పోతాయి.
దగ్గర కుర్చీ సోఫీప్‌ది.
చేపల ప్యాకింగులో, మంచు నేల మీద
పదకొండేళ్ళు నిలబడ్డ కాళ్ళు కదా, కాలనీ అంటుంది.

నాకు నలభై ఏడు.
బడి వంటింట్లో రోజుకి నాలుగు వందల ట్రేలు కడుగుతాను.
పళ్ళ డాక్టరు దగ్గర పనిముట్లు కడగాలంటే
కాలేజీ కాగితం కావాలట,
కాలేజీకి ముందు ఇంగ్లీషు పరీక్ష.
ఏదైనా కడగడమే కదమ్మా అన్నాను.
కౌంటర్లో అమ్మాయి నవ్వింది,
ఫారం మాత్రం నా వైపే జరిపింది.
ఇందులో ఫెయిలవడం ఉండదు,
ఎక్కడ కూర్చోబెట్టాలో చూస్తాం, అంతే, అంది.
మా ఊళ్ళో బంతి భోజనాల దగ్గరా
ఇదే మాట అనేవాళ్ళు.

మొదటి వారం ఆర్టికల్స్.
'ఎ' అంటే ఏదో ఒకటి,
'ది' అంటే ఇద్దరికీ తెలిసిన ఆ ఒక్కటి.
ఇన్నేళ్ళూ అవి లేకుండానే
ఉప్పు బదులడిగాను, బస్సెక్కాను, అబద్ధాలాడాను.
ఏ ఉప్పు అని ఎవరూ నిలదీయలేదు.
బియ్యంలో రాళ్ళు ఏరడం వచ్చు నాకు.
చూసి చూసి వెయ్యడమే కొత్త.

వాన వచ్చింది, వదిన వచ్చింది, కరెంటు బిల్లు వచ్చింది,
మా భాషలో మూడింటికీ ఒకటే క్రియ.
ఇక్కడ 'షి' అని
నాకంటూ విడిగా ఒక కుర్చీ వేశారు.
కూర్చుని చూశాను.
బాగానే ఉంది.

సోఫీప్ వాళ్ళ భాషలో క్రియ కాలాన్ని బట్టి మారదట.
నిన్న అన్నామంటే చాలు, మిగతాది వినేవాడి పూచీ.
పాస్ట్ పర్ఫెక్ట్ వచ్చిన రోజు
ఆవిడ పుస్తకం మూసేసి
సంచిలోంచి కమలాపండు తీసి వలిచింది.

మాకు చెప్పే మిస్టర్ గాన్యన్
ముప్పై ఏళ్ళు ఇంటింటికీ ఉత్తరాలు పంచాడు,
ఇప్పుడు ఊరికే కామాలు పంచుతున్నాడు.
తిమింగలం నూనెతో వెలిగే దీపాల మీద ఒక పాఠం ఇచ్చి
రచయిత ముఖ్యోద్దేశం ఏమిటన్నాడు.
నాలుగు జవాబులూ నిజమే.
నిజమైనది కాదు, అన్నిట్లోకీ మేలైనది పట్టుకోవాలట.
సోఫీప్ గళ్ళన్నీ వదిలేసి
కింద రాసింది: తిమింగలం చచ్చిపోయింది.
గాన్యన్ చాలాసేపు దాన్నే చూశాడు.
నాకు ఐదో గడి గీయాలనిపించింది.

ఇక వ్యాసం. నీ బతుకు మార్చిన ఒక నిర్ణయం, ఐదు పేరాలు.
కుట్టు మిషను అమ్మిన రోజు రాశాను.
కొన్నవాడు దాన్ని సైకిలు వెనక కట్టుకుంటుంటే
'వి' ఏడ్చాం, అని రాశాను.
'వి' చుట్టూ ఎర్ర సున్నా. ఎవరు?

అప్పుడు చెప్పాను గాన్యన్‌కి:
మేము అంటే మీరు కాదు,
మనము అంటే మీరు కూడా.
మా పిల్లలకి కూడా తెలుసు ఆ తేడా,
ఎవరూ పరీక్ష పెట్టకముందే.
ఆయన పెన్ను కింద పెట్టి
మీకు రెండున్నాయా, అన్నాడు.
ఒకటి బదులిస్తారా అన్నట్టుంది ముఖం.
ఎర్ర సున్నా మాత్రం కొట్టెయ్యలేదు.
'నేనూ మా చెల్లెలూ' అని దిద్దుకున్నాను,
మిషను కూడా ఏడ్చిందని ఐదో పేరాలో పట్టదు కాబట్టి.

ఇవాళ చివరి రోజు. తొమ్మిదింటికి దీపాలార్పారు.
స్టాపులో మంచు మడమల దాకా ఉంది,
కాలవ గడ్డకట్టి, కింద నీళ్ళు నడుస్తున్న చప్పుడు.
సోఫీప్ సగం కమలాపండు నా చేతిలో పెట్టి
"టుమారో వి హావ్ టెస్ట్" అంది.

టెస్ట్ ముందు 'ఎ' లేదు.
నాకు వినబడింది. అంత చదివాను మరి.
దిద్దలేదు.
ఆ 'వి' మాత్రం
మనం అనే వినబడింది.

తొనలు చల్లగా పళ్ళు జివ్వుమనిపించాయి.
అంతలో మలుపు దగ్గర లైట్లు.
బస్సు వచ్చింది,
అచ్చం వదిన వచ్చినట్టే.