రెండో కొస

డులూత్‌లో నవంబరు.
సుపీరియర్ సరస్సు మీంచి వచ్చే గాలికి మొహమాటం లేదు,
కోటుకి ఏ గుండీ వదులో దానికి ముందే తెలుసు.
పాత బడి భవనం వెనక వ్యాను ఆపి
వారం రోజులకని దిగాం, నేనూ పానకాలూ.

ఫారం ఇచ్చింది లోర్నా.
పేర్లు రాశాం. వయసులు రాశాం.
చిరునామా గడి దగ్గర పెన్ను ఆగింది.
జూన్‌లో అద్దె ఇల్లు ఖాళీ చేసి
మంచం, సోఫా, గోడ గడియారం అమ్మేసి
చక్రాల మీదికెక్కినవాళ్ళం.
"మాకు చిరునామా లేదండీ" అన్నాం,
కాస్త గొప్పగానే.
లోర్నా తలెత్తలేదు.
షెల్టర్ చిరునామానే రాసేసింది,
ఇక్కడ అందరికీ రాసినట్టే.

మా పని దుప్పట్లు.
పదకొండు కుటుంబాలు, నలభై మూడు పక్కలు.
డ్రయర్‌లోంచి లాగిన వేడి దుప్పటికి
ఆ కొస ఆయన, ఈ కొస నేను.
విదిలించడం, బిగలాగడం,
ఎదురెదురుగా నడిచొచ్చి చేతికి చెయ్యి అందించడం,
మళ్ళీ వెనక్కి.
పన్నెండేళ్ళ కాపురంలో
పోట్లాడుకోకుండా ఇంతసేపు ఎదురుబొదురు నిలబడ్డది
ఈ సబ్బు వాసనలోనే.
ఆయన మడత ఎప్పుడూ బెత్తెడు వంకర.
నేను సరిచేస్తాను.
ఆయన చూడనట్టు ఉంటాడు.

పొద్దున్నే బడి బస్సు
ఈ వాకిట్లో ఆగదు.
వీధి చివర రంగుల కొట్టు ముందు ఆగుతుంది.
పిల్లలు ఆ పక్క సందులోంచే
ఇప్పుడే వచ్చినట్టు నిలబడతారు.
వాళ్ళకి ఎవరూ నేర్పలేదట.

మూడోరోజు రాత్రి జోలీన్ వచ్చింది,
ఆసుపత్రి వంటింట్లో డ్యూటీ దిగి
ఏప్రాన్ మీద టమాటా మరకతో.
చిన్నవాడు పక్క తడిపాడు.
మేం లేవబోతే చెయ్యి అడ్డం పెట్టింది.
తనే ఉతికింది, తనే ఆరబెట్టింది,
తనే మడిచింది
రెండు కొసలూ గడ్డం కింద నొక్కిపట్టి
చేతులు చాలినంత మేర చాపి
నడిమి మడతకి మోకాలు సాయం పెట్టి.
మా ఇద్దరి మడతకంటే నున్నగా.
"అలవాటు" అంది, గడ్డం కదపకుండా.

ఆ గడ్డం పని చేస్తున్నచోట
ఎప్పుడైనా ఎవరైనా ఉండేవారేమో.
అడగలేదు.
అడగొద్దని గోడ మీదే రాసి ఉంది,
పిల్లలు గీసిన చేపల కింద.

పెద్దవాడు ఎమెట్‌కి ఆరేళ్ళు.
వ్యాను చూస్తానని ప్రాణం తీశాడు.
మంచం ఎక్కి దిగాడు. కుళాయి తిప్పాడు.
పోపుల డబ్బా మూత తీసి మూడుసార్లు తుమ్మాడు.
కిటికీ తెర వేసి, తీసి, వేసి
"మీ ఇల్లు కూడా పోయిందా?"
పానకాలు నవ్వబోయి ఆగిపోయాడు.
"పోలేదు నాన్నా, వదిలేశాం."
వాడు చాలాసేపు ఆలోచించాడు.
"ఎక్కడ?"
చెబితే వెళ్ళి తెచ్చేసుకుందామన్నట్టు
వంగి బూటు తాళ్ళు బిగించుకున్నాడు.

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అంటారు మావాళ్ళు.
ఇల్లు లేకుండా చూడు అని
ఎవరూ అనగా వినలేదు.
మేం చూడ్డానికి వచ్చాం,
వ్యాను తాళంచెవి జేబులో వేసుకుని.

శనివారం.
బయట పానకాలు చచ్చిన బ్యాటరీతో కుస్తీ పడుతున్నాడు.
లోపల నేనొక్కదాన్నే.
చూద్దామని గడ్డం కింద నొక్కిపట్టాను.
దుప్పటి జారి కాళ్ళమీద కుప్పగా పడింది.
ఇంకోసారి. మళ్ళీ కుప్ప.
ఎప్పుడొచ్చిందో జోలీన్
వంగి రెండో కొస అందుకుంది.
విదిలించాం. బిగలాగాం.
ఎదురుగా నడిచొచ్చి నా చేతిలో పెట్టింది.
వేళ్ళు చల్లగా, ఉల్లిపాయ వాసన.
"మీ ఆయన మడతలు వంకర" అంది.
"తెలుసు" అన్నాను.
బుట్టలో ఇంకా పంతొమ్మిది ఉన్నాయి.