రెండో గేరు

పెద్దాసుపత్రి గేటు కాడ తొంభై మూడు బండ్లు.
లెక్క నేనే పెట్టినా, బీడీ కట్ట కాగితం మీద.
మమ్మల్ని ఎవురూ పిలవలేదు.
పంచరు షాపు దాదాపీర్ రాత్రి పదకొండుకు ఫోన్ చేసి
"పెన్నోబులేసు సారును పొద్దున ఊరికి తీసకపోతాండారంట"
అన్నాడు. అంతే.
తక్కింది ఎవరికి వాళ్ళకే తెలిసిపోయింది.

తపోవనం మలుపులో
పదకొండేండ్లు మమ్మల్ని ఆపిన చెయ్యి అది.
"ఏమప్పా, తలకాయ ఇంట్లో పెట్టొచ్చినావా?"
నన్ను నాలుగుసార్లు పట్టుకున్నాడు.
నాలుగోసారి ఫైను రాయకుండా
బండి తాళం తన జేబులో వేసుకుని
టీ తాగిపించినాడు, గంటసేపు,
ఆ మలుపులో తన కండ్ల ముందర పోయినోళ్ళను
ఒక్కొక్కరినే చెప్తా:
పేరు, ఊరు, బండి రంగు.
నేను తాళం కోసం వింటాండా అప్పుడు.

మొన్న అమావాస్య రాత్రి
డివైడరెక్కి పడిన ఆటోలోంచి
ఎవురి పిల్లనో బయటికి లాగుతాంటే
వెనకనుంచి గ్రానైట్ లారీ.
పిల్ల బతికింది.
పేపర్లో నాలుగు లైన్లు,
అందులో ఒకటి లారీ నంబరుకే పోయింది.

ఈ పొద్దు అందరి తలల మీదా హెల్మెట్లే.
కొన్నిటికి ధర చీటీ కూడా ఊడలేదు.
కుళ్ళాయప్ప కొడుకు క్రికెట్టు టోపీ తగిలించుకొచ్చినాడు,
ఎవురూ నవ్వలేదు.
పాలు పోసే రమీజక్క
క్యాన్లు విప్పేసి వచ్చింది స్కూటీ మీద,
తాడు మాత్రం ఇంకా వేలాడతాంది.

పూలేసిన వ్యాను కదిలింది.
ఇరవై, అంతకు మించొద్దని
ఎస్సై చేత్తోనే చెప్పినాడు.

ఇరవైలో బండి నడిపేది
మాకెవురూ నేర్పలేదు.
ఒకటో గేరులో అరుస్తాది, మూడోదాంట్లో కొట్టుకుంటాది.
రెండోదాంట్లో వేసి, క్లచ్చి సగం పట్టి
మణికట్టు తిమ్మిరెక్కేదాకా పోవల్ల.
ఇంజను వేడి మోకాళ్ళను కాలుస్తాంటాది.
పాడె మోసేటోళ్ళు భుజం మార్చుకుంటారు.
మాకు మార్చుకునేదానికి ఇంకో చెయ్యి లేదు.

ఊర్లోంచి దగ్గర దారి ఉన్నా
తపోవనం మీదుగా తిప్పినారు.
అక్కడ కొత్త కానిస్టేబులు, మీసాలు సరిగా రాని పిల్లోడు.
సెల్యూట్ కొట్టల్ల.
చెయ్యి లేపినాడు, సగం దాకా.
ఏమనుకున్నాడో ఏమో
అరచెయ్యి మా పక్కకు తిరిగింది,
ఆగమన్నట్టు.

వ్యాను ఆగింది.
తొంభై మూడు బండ్లూ ఆగినాయి.
వెనక బెంగుళూరు బస్సు కూడా
హారన్ కొట్టలేదు.
పిల్లోడికి ఆ చెయ్యి ఎట్ల దించల్లో తెలీలేదు.
చానాసేపు అట్లనే నిలబడినాడు.

కూడేరు దాటినాక ఎర్రనేల,
ఎండిన శెనక్కాయ చేన్లు,
గాలిమరలు తిరుగుతాండాయి, కొన్ని నిలబడిపోయినాయి.
గొర్రెలకాపరి ఒకడు మందను రోడ్డు దింపి
తలగుడ్డ తీసినాడు, ఎవురని అడగకుండానే.

ఊర్లో తుపాకులు మూడుసార్లు పేలినాయి.
మేము బయటే, చింతచెట్ల కింద.
ఆయన ఇంటి ముందర పాత చేతక్ ఉంది,
అద్దానికి హెల్మెట్ తగిలించి.
అందులో పిచ్చిక ఎప్పుడు పెట్టిందో
గడ్డి గూడు.

తిరుగుదారిలో ఎస్సై లేడు, వ్యాను లేదు.
అయినా కూడేరు దాకా
ఎవురూ ఇరవై దాటలేదు.
ఆ పైన ఎవురో మూడో గేరు వేసినారు.
నేనే కావచ్చు.

రాత్రి పండుకుని
ఆయన చెప్పిన పేర్లు తలుచుకోవాలని చూసినా.
ఒక్కటే వచ్చింది,
చెన్నేకొత్తపల్లి, ఎర్ర బండి.
పేరు రాలేదు.